మేడలో పుట్టిన జ్వరం

ఒకానొక రాజ్యంలో లెక్క రాయని విషయమంటూ ఉండేది కాదు. ఏ ఊళ్లో ఎన్ని బావులున్నాయి, ఎన్ని గేదెలు ఈనాయి, ఏ కార్తెలో ఎంత వాన కురిసింది, ఎవరు పుట్టారు, ఎవరు ఏ జబ్బుతో పోయారు, అన్నీ ఊరి కరణాలు తాటాకుల మీద రాసి రాజధానికి పంపేవారు. ఆ లెక్కల కట్టల్ని కవిలెలు అనేవారు. వాటిని దాచడానికి ఉద్దండవర్మ మహారాజు ఏకంగా ఒక మేడే కట్టించాడు.

ఆ మేడంటే రాజుకు పట్టపుటేనుగు కన్నా ముద్దు. పొరుగు రాజులు చుట్టపుచూపుగా వస్తే ముందు దాన్నే చూపించేవాడు, అదీ బయటి నుంచే. తలుపులకు తాళాలు, తాళాలకు లక్కముద్రలు, ముద్రలకు కాపలా భటులు. లోపలికి వెళ్లే అధికారం లెక్కల మంత్రి దండిభట్టుకు ఒక్కడికే ఉండేది. అతడైనా కొత్త కట్టలు పెట్టి రావడానికి వెళ్లేవాడు గాని, ఉన్నవాటిని విప్పి చూసిన పాపాన పోలేదు.

ఒకసారి ఎవరో అమాయకుడు, ప్రభువులు వీటిని చదువుతుంటారా అని అడిగాడు. రాజు మీసం సవరించుకుని, "లెక్కలు చదివేవాడు గుమాస్తా. ఉంచుకునేవాడు రాజు" అన్నాడు. సభ చప్పట్లతో మారుమోగింది. ఇలాంటి మాటలకు చప్పట్లు కొట్టడానికే కొందరికి జీతాలిచ్చే రోజులవి. అన్నీ రాసుకున్న ఆ రాజ్యంలో ఆ జీతాల లెక్క మాత్రం ఏ కరణమూ రాయలేదు.

అదే నగరంలో గౌరాంబ అనే వైద్యురాలు ఉండేది. చేతివాసి మంచిదని పేరు. ఆమె దిగులల్లా ఒక్కటే. ఏటా వానలు పడగానే నగరానికి ఉత్తరాన ఉన్న ఊళ్ల మీద చలిజ్వరం పడేది. కబురు తెలిసి ఆమె మందుల సంచి తీసుకుని వెళ్లేసరికి జ్వరం ఊరూరా పాకి ఉండేది. నిరుడు జమ్ముగూడెంలో ఒక తల్లి ఆమె చేతిలోని మందు భరిణ చూసి, నిన్న వచ్చి ఉంటే బాగుండేది గదమ్మా అంది. తిట్టి ఉంటే గౌరాంబ అంత బాధపడేది కాదు. ఆ మెత్తటి మాట ఏడాదంతా ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

జ్వరం ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే ముందుగానే వెళ్లి కాచుకోవచ్చని ఆమె ఆలోచన. ఊరూరా తిరిగి అడిగింది. రేగడిపాలెం వాళ్లు అది వంకలపాడు నుంచి వచ్చిందన్నారు. వంకలపాడు వాళ్లు రేగడిపాలెం నుంచే వచ్చిందని ఒట్టేసి చెప్పారు. ఆ రెండూళ్లకూ తాతల నాటి గట్టు తగాదా ఉందని ఆమెకు తర్వాత తెలిసింది. ఎవరింట్లో కష్టం వాళ్లకు గుర్తుంది గాని, ఏ ఊరు ముందు, ఏ ఊరు వెనక అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. ఏ తిథిన ఎవరికి జ్వరం తగిలిందో రాసి ఉన్నది ఒక్క కవిలెల్లోనే.

సరేనని ఆమె దండిభట్టు దగ్గరికి వెళ్లింది. అతడు అర్జీ పెట్టుకోమన్నాడు. పెట్టింది. ఏ కవిలె కావాలో దాని గుర్తు రాయలేదని అర్జీ తిప్పి పంపాడు. గుర్తులు ఎక్కడ దొరుకుతాయని అడిగితే మేడ లోపల గోడ మీద రాసి ఉన్నాయన్నాడు. లోపలికి వెళ్లి చూసుకోవచ్చా అంటే, గుర్తు తెలియనివాళ్లను లోపలికి ఎలా పంపుతామమ్మా అని జాలిగా నవ్వాడు.

ఇక లాభం లేదని ఆమె రాజుకే మొర పెట్టుకుంది. రాజు ఓపిగ్గానే విన్నాడు. విని, "రాజుకు తెలిసిందంతా ప్రజలకూ తెలిస్తే ఇక ఇద్దరికీ తేడా ఏముందమ్మా?" అని ఆమెను పంపించేశాడు. వానలు నెల రోజుల్లోకి వచ్చేశాయి.

కళ్లు తుడుచుకుంటూ బయటికి వస్తున్న ఆమెకు తిప్పన ఎదురయ్యాడు. తిప్పన ఆస్థానంలో చమత్కారి. రాజును నవ్వించడం అతడి ఉద్యోగం. రాజు నవ్వితే బహుమానం, నవ్వకపోతే చీవాట్లు. రెండూ సమానంగా తిని ఒళ్లు చేసినవాడు. విషయమంతా అడిగి తెలుసుకుని, ఆమెకు కావలసిందేమిటో ఒక్క ముక్కలో చెప్పమన్నాడు.

"నిరుడు జ్వరం ముందుగా ఏ ఊళ్లో పుట్టింది, అక్కడి నుంచి ఎటు పోయింది. అంతే తిప్పనగారూ. అది తెలిస్తే ఈసారి జ్వరం కన్నా ముందు నేనే వెళ్లి కూర్చుంటాను."

తిప్పన కాసేపు ఆలోచించి, గాడిద మీద ఎక్కినవాడికి నడుం పట్టేస్తే రాసుకునే తైలం ఏమైనా ఉందా అని అడిగాడు. ఆమె ఉందంది. దాన్ని చేతికి అందేలా పెట్టుకోమని, రేపటి నుంచి ఒక్క పూట కూడా సభ మానవద్దని, ముందు వరసలో కూర్చోమని చెప్పి వెళ్లిపోయాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

మర్నాడు సంత కిటకిటలాడే వేళకు దండోరా మోగింది.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, నిరుడు వచ్చిన చలిజ్వరం మహారాజుగారి కవిలెల మేడలో పుట్టి ఊళ్ల మీద పడిందహో. ఈ మాట చెప్పినవాడు ఆస్థానంలోని తిప్పన అహో."

సంత సంతంతా గుప్పుమంది. నాకెప్పటి నుంచో అనుమానమేనని సగం మంది అన్నారు. మేడ వైపు చూసినా జ్వరం తగలకుండా కాపాడే రక్షరేకులంటూ ఒకడు మధ్యాహ్నానికల్లా అమ్మకం మొదలుపెట్టాడు. భటులు తిప్పన ఇంటికి పరుగెత్తారు. అతడు అప్పటికే భోంచేసి, ఉత్తరీయం వేసుకుని, వాళ్ల కోసమే అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

సభలో రాజు కోపంతో ఊగిపోయాడు. తన ముద్దుల మేడ మీద ఇంత నింద వేసినవాణ్ణి గుండు గీయించి, గాడిదెక్కించి, పొలిమేర దాటించమన్నాడు. తిప్పన చేతులు కట్టుకుని, శిక్షకు తనకేమీ అభ్యంతరం లేదని, అయితే కోట గుమ్మం మీది రాత చెరిపించే దాకా ఆగమని మనవి చేసుకున్నాడు.

ఆ రాత రాజుగారి తాతగారు చెక్కించింది. నేరం రుజువయ్యే ఆధారం నిండు సభలో అందరూ వినేలా చదవనిదే ఈ రాజ్యంలో ఎవరికీ శిక్ష లేదని దాని సారాంశం. మేడ తర్వాత ఉద్దండవర్మ పొరుగు రాజులకు చూపించేది దాన్నే. దాని కింద నిలబడి బొమ్మ కూడా గీయించుకున్నాడు.

"ఆధారం ఎందుకు? నువ్వన్నది అబద్ధం. నా మేడ సంగతి నాకు తెలియదా?" అన్నాడు రాజు.

"మేడ సంగతి తెలుసు ప్రభూ. మేడలో ఏముందో తమరికి తెలుసా?"

రాజు దండిభట్టు వైపు చూశాడు. దండిభట్టు పైకప్పు వైపు చూశాడు.

కాస్త తేరుకుని దండిభట్టు ఒక ఉపాయం చెప్పాడు. జ్వరం మేడలో పుట్టలేదు అన్న ఒక్క వాక్యం సభలో చదివితే చాలు, మిగతా రహస్యాలు బయటపెట్టనక్కర లేదన్నాడు. రాజుకు అది నచ్చింది. తిప్పన మాత్రం తల అడ్డంగా ఊపాడు. జ్వరం వచ్చిన మాట నిజం గనక అది ఎక్కడో ఒకచోట పుట్టి తీరాలన్నాడు. ఎక్కడ పుట్టిందో చెప్పలేనివాళ్లు మేడలో పుట్టలేదని మాత్రం ఎలా చెప్పగలరన్నాడు. ముందు వరసలో కూర్చున్న గౌరాంబకు అప్పుడు అంతా అర్థమైంది. ఆమె కొంగు చాటున నవ్వు దాచుకుంది.

రాజు ఇరకాటంలో పడ్డాడు. లెక్కలు చదివిస్తే మేడ గుట్టు పోతుంది. చదివించకపోతే తాతగారి రాత పరువు పోతుంది. పైగా ఊరంతా ఆ జ్వరం మేడదేనని రూఢి చేసుకుంటుంది. చివరికి పళ్లు కొరుక్కుంటూ, లక్కముద్రలు పగలగొట్టి నిరుటి కవిలెలన్నీ తీయించమన్నాడు.

దండిభట్టు గుమాస్తాలను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాడు. ఊళ్లవారీగా పడి ఉన్న కట్టల్ని విప్పి, తిథుల వరసన పేర్చడానికి వారం పైనే పట్టింది. ఆ వారమంతా మేడలోంచి తుమ్ములు వీధిలోకి వినపడ్డాయట. జ్వరం అందులోనే ఉందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలని జనం చెప్పుకున్నారు.

విచారణ రోజు సభలో ఇసుక వేస్తే రాలలేదు. దండిభట్టు గొంతు సవరించుకుని చదివాడు. ఆషాఢ బహుళంలో ముందుగా రేగడిపాలెం కుమ్మరి వీధిలో పిల్లలకు జ్వరం తగిలింది. అదే వారంలో వంకలపాడు. ఆ వెంటనే ఇసుకమిట్ట, దాని పక్కన జమ్ముగూడెం. ఈ నాలుగూళ్లు అయ్యాకే, శ్రావణంలో, తక్కిన ఊళ్లన్నిటికీ పాకింది. చదవడం పూర్తి చేసి, ఇందులో ఎక్కడా కవిలెల మేడ పేరు లేదని అతడు గర్వంగా ప్రకటించాడు. రాజు హాయిగా ఊపిరి పీల్చుకుని గాడిదను తెప్పించమన్నాడు.

అప్పుడు గౌరాంబ లేచింది.

"ప్రభూ, ఈ నాలుగూళ్లూ నేను తిరిగినవే. నాలుగింటి పక్కనా పెద్ద పెద్ద మట్టిగోతులున్నాయి. వానకు నిండి, నెలల తరబడి నీళ్లు కదలకుండా నిలిచిపోతాయి. నిలవ నీటి దగ్గరే చలిజ్వరం పుడుతుందని మా గురువుగారు చెప్పేవారు. నేను వెళ్లేసరికి అన్ని ఊళ్లలోనూ జ్వరం ఉండేది గనక గోతుల మీదికి నా బుద్ధి పోలేదు. వరస వింటే ఇప్పుడు తెలిసింది. ఆ గోతులు పూడిస్తే పిల్లలు బతుకుతారు."

సభలో కలకలం రేగింది. రాజుకు ఒక్కసారిగా ఆవేశం పొంగింది. గొప్పలు చెప్పుకున్నా మనిషి చెడ్డవాడు కాదు. పసిపిల్లల మాట వచ్చేసరికి సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"ఎవడా గోతులు తవ్వించింది? వాడెంతటివాడైనా సరే, తిప్పనను వదిలి వాణ్ణి గాడిదెక్కించండి. పేరు చదువు భట్టూ."

దండిభట్టుకు అప్పటికి కవిలెలు తిరగేయడం కాస్త అలవాటైంది. మేడలోంచి ఆ ఊళ్ల పాత కట్టలు కూడా తెప్పించి ఉత్సాహంగా వెతికాడు. దొరికింది. చదవబోయి ఆగాడు. రాజు మళ్లీ గద్దించేసరికి, వినీ వినపడనట్టు చదివాడు.

"కవిలెల మేడకు ఇటుకలు చేయడానికి మట్టి తీయించిన గోతులు. తీయించినది... శ్రీశ్రీశ్రీ ఉద్దండవర్మ మహారాజులుంగారు."

సరిగ్గా అప్పుడే ఇద్దరు భటులు గాడిదను సభ వాకిట్లోకి తోలుకొచ్చి, ఎవరిని ఎక్కించాలని అడిగారు.

చప్పట్ల జీతగాళ్లు సైతం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రాజు ముఖం ఎర్రబడి, నల్లబడి, మెల్లగా తిప్పన వైపు తిరిగింది.

"ఇది నీకు ముందే తెలుసా?"

తిప్పన ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. ఆ పూట అతడు నటించడం లేదు.

"తమ పాదాల తోడు, తెలియదు ప్రభూ. నిజమయ్యే వీలే లేని మాట ఏదా అని తెల్లవార్లూ ఆలోచించి దీన్ని ఎంచుకున్నాను. లెక్కలు చూడకపోతే అబద్ధం కూడా సరిగ్గా ఆడలేమని ఇవాళే తెలిసింది."

రాజు మీసం ఒక కొస కదిలింది. తర్వాత రెండో కొస. ఆపైన బొజ్జ కదిలింది. కిరీటం జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటూ రాజు పడీపడీ నవ్వాడు. రాజు నవ్వాక సభ నవ్వింది. జీతం గుర్తొచ్చి కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

నవ్వు తగ్గాక రాజు గౌరాంబను దగ్గరికి పిలిచాడు. నీ మొర ఆనాడే మన్నించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదమ్మా, తప్పు నాదే అన్నాడు. వానలు పడేలోగా నాలుగూళ్ల గోతులూ పూడ్చాలని, ఏనుగుల్ని కూడా పనిలోకి దించాలని ఆజ్ఞాపించాడు. ఆ రోజు నుంచి మేడ తలుపులు పగలంతా తెరిచే ఉంటాయని, ఎవరు వచ్చి ఏ లెక్క అడిగినా కూర్చోబెట్టి చూపించాలని చెప్పాడు. గుర్తుల పట్టిక వీధి గోడ మీద రాయించే పని దండిభట్టుకు అప్పగించాడు.

అంతలో పాత గుణం మళ్లీ తలెత్తింది. రాజు తిప్పనను పక్కకు పిలిచి, గొంతు తగ్గించాడు.

"మేడ తలుపులు తెరవాలన్న గొప్ప ఆలోచన ఎవరి ప్రమేయమూ లేకుండా నాకే తట్టిందని రేపు దండోరా వేయించు."

"చిత్తం ప్రభూ. తప్పకుండా వేయిస్తాను. ఇవాళ సభలో జరిగిందంతా కూడా కరణంగారు ఆ మూల కూర్చుని రాశారు. రేపటి నుంచి తలుపులు తెరిచే ఉంటాయి గనక, దండోరా విన్నవాళ్లు వచ్చి ఎంత నిజమో సరిచూసుకుంటారు."

రాజు మళ్లీ నవ్వాడు. ఈసారి చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు. దండోరా సంగతి ఇక ఎత్తలేదు.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. గౌరాంబ ఆషాఢం రాకముందే మందుల సంచితో రేగడిపాలెం వెళ్లి, కుమ్మరి వీధిలో ఒక అరుగు మీద కాపు వేసింది. నెల గడిచింది. మందు భరిణ మూత తీసే పనే పడలేదు. తోచక వీధిలో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చెప్పడం మొదలుపెట్టింది. ఏ కథ కావాలన్నప్పుడల్లా వాళ్లు గాడిద కథే అడిగేవారట.