మద్దిలేటి దున్నని నేల

సుంకన్నకు పదకొండు మంది రైతులు సరేనన్నారు. పన్నెండోవాడు వద్దన్నాడు. ఆ ఒక్క మాటతో మూడు రోజులుగా అతనికి ముద్ద దిగడం లేదు.

అతను వెతుకుతున్నది ఒక పిల్ల కాలి పట్టీ. వెండిది. నాలుగేళ్ల కిందట ఏరు పొంగి ఊరి మీద పడ్డ రోజున అతని కూతురు నీళ్లలో కొట్టుకుపోయింది. మనిషి దొరకలేదు. నీళ్లు తీశాక ఇంట్లో బురద ఎత్తుతుంటే గడప దగ్గర ఒక పట్టీ దొరికింది. రెండోది పిల్ల కాలికే ఉండిపోయిందని సుంకన్న నమ్మకం. అది ఎక్కడ దొరికితే పిల్ల అక్కడ. పిడికెడు మన్ను వేయడానికి ఒక చోటంటూ తెలుస్తుంది. అంతకు మించి అతను దేవుణ్ని ఏమీ అడగలేదు.

ఆ దుఃఖంతోనే ఊరు వదిలి, ఏటి దిగువన ఉండే జమాలయ్య తాత దగ్గరికి చేరాడు. తాత ఫకీరు. గుడిసెలో కూర్చుని పాత గుడ్డలతో బొంతలు కుట్టేవాడు. వచ్చినవాళ్లను హిందువులా ముసల్మానులా అని అడిగేవాడు కాదు. సూదిలో దారం ఎక్కించగలరా అని మాత్రం అడిగేవాడు, దగ్గరి చూపు ఆనదు కనుక. సుంకన్న మూడేళ్లు దారం ఎక్కించాడు. దుఃఖం తగ్గలేదు.

నాలుగో ఏడు ఎవరో భక్తుడు పట్నం నుంచి పాత మెటల్ డిటెక్టర్ ఒకటి తెచ్చి అతనికిచ్చాడు. పొడుగాటి కట్టె, దాని కొసన పళ్లెమంత చక్రం. నేల మీద తిప్పుతూ పోతే, జానెడు లోతున ఇనుమో వెండో ఉంటే కూస్తుంది. ఉన్నదని మాత్రమే చెబుతుంది. ఏమున్నదో తవ్వి చూసుకోవాల్సిందే.

అది చేతికి రాగానే సుంకన్న పొలాల మీదికి పోబోయాడు. తాత సూది ఆపి, "ఎవరి పొలం?" అన్నాడు. అంతే.

ఆనాటి నుంచి సుంకన్న అడగనిదే ఎవరి గట్టూ దాటలేదు. గుప్తనిధులంటూ దొంగలు అప్పటికే చాలా చేలు గుంతలు చేసి పోయారు కాబట్టి రైతులకు అనుమానం. ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పుకునేవాడు. పంట కోసినాకే దిగుతానని, పైమన్ను ఒక గోనె మీద, అడుగుమన్ను ఇంకో గోనె మీద పోసి, కిందిది కిందే వేసి పూడ్చిపోతానని, ఏది దొరికినా ముందు వాళ్ల చేతిలోనే పెడతానని. చెప్పినట్టే చేసేవాడు. "ఇంతకూ ఏం పోయింది?" అంటే "ఇంటి వస్తువు, వెండిది" అనేవాడు. కూతురి మాట ఎత్తేవాడు కాదు.

పదకొండు పొలాల్లో దొరికినవి మేకులు, నాగలి ముక్కలు, ఎద్దు నాడాలు, ఒక తాళంకప్ప.

"ఏం సుంకన్నా, ఈ తూరి మేకుల పంట ఎకరాకెన్ని మూటలు?" అని టీ అంగడి దగ్గర నవ్వేవాళ్లు.

మిగిలింది మద్దిలేటి చేను. ఏటి మలుపులో ఉన్నది అదే. వరద మోసుకొచ్చినదంతా ఆ మలుపులోనే ఒండ్రు కింద పడిందని అందరూ అనేవారు. అందుకే సుంకన్న దాన్ని చివరికి ఉంచుకున్నాడు. అక్కడా లేకపోతే వెతకడానికి ఇంక నేల లేదు.

మొదటిసారి మద్దిలేటి మర్యాదగానే "వద్దప్పా" అన్నాడు. రెండోసారి, "నీకు పనీపాటా లేదా?" అన్నాడు. మూడోసారి సుంకన్న తనకు తోచిన మంచి మాట చెప్పాడు.

"అన్నా, నీ పైరు జోలికే రాను. ఆ మూల రెండు మంచాలేసినంత జాగా దున్నకుండా వదిలినావు చూడు, దాంట్లో చూసుకుంటా. ఎట్లా బీడే గదా. నీకేం నష్టం?"

మద్దిలేటి చేతిలో కొడవలి ఉంది. దాన్ని కింద పెట్టాడు.

"ఇంకోతూరి ఈ గట్టెక్కితే నేను మనిషిని కాను," అన్నాడు. కేకలేయలేదు. మెల్లగానే అన్నాడు.

సుంకన్న గుడిసెకొచ్చి మూలన కూర్చున్నాడు. మూడో రోజుకు నోరు విప్పాడు.

"తాతా, చేయాల్సినట్టే చేసినా. అడగాల్సినట్టే అడిగినా. పండే నేల కూడా అడగలే, బీడు అడిగినా. నా బిడ్డ ఆడుందో లేదో కూడా తెలీకుండానే నేను పోవాల్నేమో. ఇంక నాకు దేని మీదా ఆశ లేదు."

తాత బొంత మడిచాడు. "పద, చూపించు," అన్నాడు.

అలవాటు కొద్దీ సుంకన్న మిషన్ను భుజానేసుకుని వెనకే నడిచాడు. వాళ్లు పోయేసరికి మద్దిలేటి శనగచేలో కలుపు తీస్తున్నాడు. తలెత్తి చూశాడు.

"తాతా, నీ మొగం చూసి ఊరుకుంటున్నా. ఆయప్పను తీసుకపో."

"తీసుకపోతా నాయనా," అని తాత గట్టు వెంబడే ఆ మూలకు నడిచాడు. దగ్గరికి పోయాక వంగి, చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. తలగుడ్డ సరిచేసుకున్నాడు. ఆ నేలకు రెండడుగులు ఇవతలే నిలబడిపోయాడు.

సుంకన్నకు అర్థం కాలేదు. "ఇక్కడ దర్గా ఏం లేదు గదా తాతా?"

తాత నేలవైపే చూస్తున్నాడు. సుంకన్న కూడా చూశాడు. మూడుసార్లు చూసిన నేలే. దున్నక వదిలేసిన బీడులో ఏడాది తిరిగేసరికి కంప మొలుస్తుంది, పల్లేరు అల్లుకుంటుంది. ఇక్కడ గడ్డిపోచ లేదు. ఒక్కొక్కటే చేత్తో పీకి, అరచేత్తో చదును చేసినట్టుంది. నాగలి చాళ్లు దాని దాకా వచ్చి, చుట్టూ తిరిగి పోయాయి.

వరదలో ఈ ఊళ్లో ఎవరెవరు పోయారో సుంకన్న ఎప్పుడూ ఎవరినీ అడిగి ఉండలేదు.

వెనక కలుపు తీసే చప్పుడు ఆగింది. మద్దిలేటి వచ్చాడు. తాత విప్పిన చెప్పులను చూశాడు. చూస్తూ చూస్తూ గట్టు మీద కూలబడ్డాడు.

"నా కొడుకు," అన్నాడు. "నీళ్లొస్తాంటే భుజానెక్కించుకున్నా. ఈడికొచ్చినాక చెయ్యి జారింది. ఈ చోటే. నీళ్లు తీసినాక మోకాలెత్తు ఒండ్రు. తవ్వలేదు తాతా. తవ్వితే ఉంటాడేమోనని భయం. తవ్వితే ఉండడేమోనని అదీ భయమే. మొలకు వెండి మొలతాడుండె. ఈయప్ప వెండి వెతుకుతానని వస్తాడు."

మద్దిలేటి సుంకన్న వైపు తిరిగాడు.

"దిగు," అన్నాడు. "వెతుక్కోపో. నేనొద్దనను. కూత పెడితే మాత్రం నాకు చెప్పొద్దు."

సుంకన్న మీట నొక్కాడు. చిన్న ఎర్రదీపం వెలిగింది. ఒక కాలు ముందుకు పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఎవరి వెండో మిషన్‌కేం తెలుసు? తవ్వితే పట్టీ రావచ్చు. మొలతాడు రావచ్చు. ఏదీ రాకనూ పోవచ్చు.

మీట ఆపేశాడు. మిషన్ను గట్టు మీద పడుకోబెట్టి, తనూ చెప్పులు విప్పాడు.

"ఇన్నితూర్లు తిరిగితివి. ఇప్పుడొద్దా?" అన్నాడు మద్దిలేటి. "ఇంతకూ నీది ఏం పోయిందప్పా?"

సుంకన్న తాత కోసం చూశాడు. తాత చెప్పులు చేత పట్టుకుని అప్పటికే గట్టు వెంబడి పోతున్నాడు.

"రేణుక," అన్నాడు సుంకన్న. "ఆరేళ్లు."

మద్దిలేటి కాస్త పక్కకు జరిగి, అతనికి చోటిచ్చాడు.