బుడుంగి పురుడు

ముళ్ళగుట్ట వెనకాల వాగు ఆ వేసవికి పూర్తిగా ఎండిపోయింది. అడవి మొత్తానికి మిగిలింది ఒక్క చెలమ. అదీ అడవిపంది కోరయ్య మూతీ కోరలూ అరిగేలా ఇసక తవ్వితే పడింది. పొద్దున్నే వచ్చినవాళ్ళకి తేటనీళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి బురద.

అడవిగేదె చుక్కమ్మ అప్పుడే పురుడు తీరి, దూడని వెంటబెట్టుకుని మొదటిసారి చెలమ దగ్గరికి బయల్దేరింది. ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరింట్లో కాన్పయినా, పిల్ల నలుగురిలోకి వచ్చేదాకా ఆ ఇంట్లోవాళ్ళెవరూ ఉమ్మడి నీళ్ళు ముట్టకూడదు. ఇరుగుపొరుగువాళ్ళే ఆకుదొన్నెలో తెచ్చి పోస్తారు, ముందు బాలింతకి, మిగిలితే ఇంట్లోవాళ్ళకి. గేదె దాహానికి ఆకుదొన్నె ఏ మూలకి? పాపం, చుక్కమ్మకి పొదుగు వట్టిపోయింది. ఇవాళైనా కడుపారా తాగకపోతే దూడ బతకదని ఆమె భయం.

తీరా వెళ్తే, కోరయ్యా కొండముచ్చు ముచ్చమ్మా చెలమకి అల్లంత దూరంలో బిక్కమొహాలు వేసుకుని నిలబడి ఉన్నారు. ఒడ్డున నక్క జంబన్న ఒక్కడే కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. మూతి తడిగా ఉంది.

"ఆగు చుక్కమ్మా! లోపల బుడుంగి ఉంది" అన్నాడు జంబన్న.

"బుడుంగా? అదేంటి?"

"రాత్రి గుట్ట దిగి నడిచొచ్చింది. నీళ్ళ రంగే దాని రంగు, అందుకే కనపడదు. కళ్ళుండవు. ఒంటితోనే వింటుంది. గిట్టలు తింటుంది."

చుక్కమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది, తర్వాత దూడ కాళ్ళకేసి. ఆమెకి ఏ మాటా వినగానే బుర్రకెక్కదు. మేతలాగే మాటనీ ముందు మింగేసి, తీరిగ్గా నెమరేసుకుంటేగానీ రుచి తెలియదు.

"నాకు గిట్టల్లేవుగా అన్నా! నేను తాగొచ్చా?" అంది ముచ్చమ్మ.

జంబన్న ఆమె తోకకేసి చూశాడు. "తోకలు కూడా తింటుందమ్మా. తోకలంటే మరీ ఇష్టం."

"మరి నీ తోక?"

"నా తోకా? అదీ... అది నాకు మేనకోడలు వరస! తల్లి చిన్నప్పుడే పోతే నేనే పెంచాను. నన్నేమీ అనదు."

చుక్కమ్మకి తల తిరిగింది. కళ్ళు లేకుండా గుట్టెలా దిగింది? నక్కకి నీళ్ళరంగు మేనకోడలేంటి? "అయినా అన్నా, గిట్టలతో కడుపేం నిండుతుంది?" అని అడిగింది.

"చూలుది కదమ్మా! చూలప్పుడు నువ్వు మట్టి తినలా? దానికి గిట్టలమీదికి మనసు పోయింది."

చుక్కమ్మ మెత్తబడింది. ఆమె పుట్టమన్ను తిన్నమాట నిజమే. "ఎప్పుడు ఈనుతుంది?"

"ఇవాళో రేపో. దాని పిల్ల మాత్రం వానలు పడితేగానీ బయటికి రాదు. అందాకా ఎవరూ ఇటు తొంగిచూడకండి" అని, అందరూ చూస్తుండగానే జంబన్న చల్లగా మరో గుక్క తాగాడు.

చుక్కమ్మ వెనక్కి తిరిగింది. చెట్టుకింద పడుకుని సాయంత్రందాకా నెమరేసింది. గిట్టలు వచ్చాయి, తోకలు వచ్చాయి, ఒంటితో వినడం వచ్చింది. ఎంత నమిలినా ఒక్కటీ నలగలేదు. పక్కన దూడ వట్టి పొదుగుని కుమ్ముతోంది. చివరికి ఒక్క మాట మాత్రం మెత్తగా నలిగింది: తల్లిలేని పిల్ల, నిండుచూలాలు, మేనమామ ఉండీ బురదలో పడుంది. చుక్కమ్మకి ఆ పిల్లమీద జాలేసింది. ఆ వెనకే ఒళ్ళు మండింది.

తెల్లారగానే అందరినీ వెంటేసుకుని చెలమ ఒడ్డునున్న జంబన్న మీదికి వెళ్ళింది.

"సిగ్గులేదూ నీకు? తల్లిలేని పిల్లని నిండునెలల్లో నడిబయట వదిలేస్తావా? నువ్వు ఎండన పడకుండా బొరియలో పడుకుంటావా? పురిటికి ఇంటికి తీసుకుపో!"

జంబన్నకి ఏమీ అర్థం కాలేదు. "ఎవరిని?"

"ఎవరినేంటి! నీ మేనకోడల్ని!"

"అది... అది నీళ్ళు వదిలి రాదమ్మా."

"గుట్ట దిగి నడిచొచ్చిందన్నావుగా?" అన్నాడు కోరయ్య. ఆయన కోరలు ఎండకి తళతళలాడుతున్నాయి. బుడుంగీ లేదు గిడుంగీ లేదని ఒప్పుకుంటే, ఆ చెలమ తవ్విన కోరలు ఎక్కడ దిగుతాయో జంబన్నకి తెలుసు.

గొంతు సవరించుకుని చెలమలోకి వంగాడు. "రామ్మా తల్లీ, మనింటికి పోదాం" అన్నాడు. తర్వాత వెనక్కి వెనక్కి చూసుకుంటూ, ఖాళీ ఇసకమీద ఎవరినో నడిపించుకుంటూ బొరియకేసి వెళ్ళాడు. ముచ్చమ్మ మొహం చెట్టుకేసి తిప్పుకుంది, భుజాలు అదురుతున్నాయి. ఎందుకు ఏడుస్తోందో చుక్కమ్మకి తెలియలేదు.

దూడ పరుగెత్తి చెలమలో మూతి పెట్టింది. చుక్కమ్మ గిట్టలు నీళ్ళకి తగలకుండా వంగి, కళ్ళు మూసుకుని తాగింది. చాలా సేపు తాగింది. ప్రాణం లేచొచ్చింది.

ఎండెక్కేసరికి జంబన్న నాలుక వేలాడేసుకుని వచ్చాడు.

"ఈనిందా?" అని ఎదురెళ్ళింది చుక్కమ్మ.

ఈనిందంటే ఈవిడ గోల వదులుతుందనుకున్నాడు. "ఈనింది ఈనింది. తల్లీబిడ్డా క్షేమం. జరుగు, దాహం."

"అయ్యయ్యో, వెనక్కి పో! పురిటింటివాడివి చెలమ ముట్టుకుంటావా? పిల్ల బయటికొచ్చేదాకా మేం తెచ్చి పోస్తాంగా!"

"పిల్ల బయటికొచ్చేది వానలు పడ్డాకేగా అన్నా?" అంది ముచ్చమ్మ, వినయంగా.

జంబన్న చెలమకేసి ఒక అడుగు వేశాడు. కోరయ్య చెలమ ఒడ్డునే పక్క వేసుకున్నాడు.

సాయంత్రం ముచ్చమ్మ అడుగునీళ్ళు దొన్నెలో పట్టుకుని బొరియ దగ్గరికి వెళ్ళింది. చుక్కమ్మ కూడా వెళ్ళింది. జంబన్న ఆత్రంగా మూతి చాచాడు.

"ముందు బాలింతకి" అంది చుక్కమ్మ కళ్ళెర్రజేసి.

వాళ్ళిద్దరూ చూస్తుండగా జంబన్న ఆ నీళ్ళు బొరియలోకి పోశాడు. మట్టి గుటుక్కున పీల్చేసింది.

"పాపం, ఎంత దాహంగా ఉందో!" అంది చుక్కమ్మ. లోపలికి తొంగిచూసింది. చీకటి తప్ప ఏమీ కనపడలేదు. నీళ్ళరంగుది చీకట్లో కనపడాలా వద్దా అన్నది ఆమెకి తేలలేదు. "బిడ్డ ఎవరి పోలిక?" అని అడిగింది.

జంబన్న తల లోపలికి పెట్టి, తడిమట్టి నాకుతున్నాడు.

లేనిదాన్ని పుట్టించినవాడే దాని పురుడూ పొయ్యాలి.