మంగ చేతికి అందిన దారం

సోమలింగం గారు ఎవరితోనూ వాదించేవారు కారు. ప్రశ్న అడిగితే తాను ఎరిగినవాళ్లకు జరిగిన సంగతి ఒకటి చెప్పి లేచి వెళ్లిపోయేవారు. అది జవాబో కాదో తేల్చుకోవడం అడిగినవాడి వంతు.

ఒక సాయంత్రం ఆయన శిష్యుల్లో అప్పలస్వామి అనే రిటైరైన హెడ్మాస్టరు, చాలాసేపు తటపటాయించి, అడిగాడు. "గురువుగారూ, అమ్మ పోయిన రోజున మాటా మాటా పెరిగి మా తమ్ముడు గడప దిగి వెళ్లిపోయాడు. పెద్దల్ని పంపాను. నలుగురిలో నిలబెట్టి అడిగాను. నా మీద ఒట్టని కూడా అన్నాను. ఎంత చెప్తే అంత దూరం జరుగుతున్నాడు. ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పమంటారు?"

సోమలింగం గారు పైపంచె సర్దుకుని ఈ సంగతి చెప్పారు.

మన్యంలో ఇప్పలవాగు ఒడ్డున జగ్గారావు అనే దర్జీ ఉండేవాడు. చేపల వేటంటే అతనికి ప్రాణం. గోదావరిలో పెద్ద చేపల కోసం వాళ్ల నాన్న వాడిన గాలం కర్ర ఒకటి ఇంట్లో ఉండేది. అది మోటుది, బరువైనది. వాగులో తిరిగేవేమో చిన్న చేపలు, వాటికి వేసే ఎర గోరంత. ఆ కర్రతో ఎంత ఊపి విసిరినా ఎర కాళ్ల ముందే పడేది. కర్ర వంగి మళ్లీ లేస్తేనే ఎర ఎగురుతుంది. గోరంత బరువుకు ఆ కర్ర వంగేది కాదు.

అందుకని జగ్గారావు తేలికపాటి కర్ర చేసుకోవడానికి కూర్చున్నాడు. ఎండిన సన్న వెదురు తెచ్చి, కత్తితో చెక్కి, గాజుపెంకుతో గీకి, కొసకు పోయేకొద్దీ పలచన చేశాడు. కొసన చిన్న సీసపు గుండు వేలాడదీసి, అది వంగుతోందా లేదా అని కన్ను చికిలించి చూసేవాడు. వంగకపోతే మళ్లీ గీకేవాడు. రెండుసార్లు మరీ పలచనైపోయి విరిగింది. మూడోది నిలిచింది. పిడి దగ్గర నైలాన్ దారం చుట్టిన చిన్న రీలు బిగించి, ఆ దారం జారడానికి తీగతో ఉంగరాలు చేసి, వాటిని పట్టుదారంతో కర్రకు చుట్టి కట్టాడు. కట్ల మీద వార్నిష్ పూశాడు. పూసింది ఒకవైపు కారి గడ్డకట్టకుండా ఆరేదాకా కర్రను చేతుల్లో తిప్పుతూనే ఉండాలి.

అలా తిప్పుతూ ఉండగా అతని భార్య మంగ వచ్చింది.

"మావా, మబ్బు పట్టింది. వాగవతల గడ్డి కోసుకొచ్చేద్దాం, రా."

"ఇప్పుడు కింద పెడితే పాడైపోద్దే. నువ్వు నడువు, వెనకే వస్తా."

"నన్నెందుకు కట్టుకున్నావు? ఆ పుల్లనే కట్టుకోవాల్సింది" అని కొడవలి తీసుకుని ఆమె ఒక్కతే వాగు దాటింది. అతను వెనకే వెళ్లలేదు.

పైన కొండల మీద ఎక్కడో వాన కురిసింది. మంగ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వాగు నడుమకు వచ్చేసరికి ఎర్రనీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. మోపు కొట్టుకుపోయింది. ఆమె దగ్గర్లో ఉన్న బండ మీదికి ఎక్కింది. కాసేపటికి నీళ్లు ఆ బండ మీదికీ ఎక్కాయి.

కేకలు విని నలుగురూ పరుగెత్తుకొచ్చారు. మంగ అన్న సింహాద్రి మోకు తెచ్చి, బలం కొద్దీ విసిరాడు. మోకు సగం దూరంలోనే పడింది, వరద దాన్ని పక్కకు ఈడ్చేసింది. వెనక్కి లాగి, కొసకు రాయి కట్టి విసిరాడు. అదీ అందలేదు. ఇంకా పెద్ద రాయి కట్టాడు. ఈసారి అది ఆమె పక్కనే బండకు తగిలి పగిలింది, మోకు ఊడి నీళ్లలోకి జారిపోయింది. తప్పించుకోబోయి మంగ జారి, నడుం లోతు నీళ్లలోకి పోయి, బండ పగులులో వేళ్లు దూర్చి వేలాడింది.

"అన్నా, ఇంక విసరకు! చచ్చిపోతాను!" అని అరిచింది.

అప్పుడు చేరాడు జగ్గారావు. కర్రను ఇంట్లో పెట్టి రావాలన్న ధ్యాసే లేదు. చేతిలో పట్టుకునే వచ్చాడు.

"బావా, ఆ పుల్ల అవతల పారెయ్!" అన్నాడు సింహాద్రి.

జగ్గారావు పారెయ్యలేదు. దారం కొసకు జేబులోని సీసపు గుండు కట్టి విసిరాడు. గాలికి పక్కకు పోయింది. గబగబా చుట్టి మళ్లీ విసిరాడు. కర్ర వంగి లేచింది. పచ్చి వార్నిష్ మీద కట్టు సడలి కొసన ఉన్న ఉంగరం ఊడిపోయింది. కానీ గుండు అప్పటికే ఎగిరింది. బండ దాటి అవతల పడింది. దారం మంగ భుజం మీద వాలింది.

ఆమెకు అది కనపడలేదు.

"మంగా, నీ కుడి భుజం మీద! తడుముకో!"

ఒక చెయ్యి వదిలి తడుముకుంది. దొరికింది.

"లాగకు! మెల్లగా. తెగిపోద్ది."

అతను రీలు మీది దారం తెంపి, దానికి ఒడ్డున వాళ్లు అందించిన గేదె పలుపులు ముడేసి కట్టాడు, పలుపుల చివర మోకు కట్టాడు. ఆమె ఒంటిచేత్తో, పళ్లతో కరిచిపట్టుకుంటూ, జానెడు జానెడే దారం లాక్కుంటోంది. వరద ఈడ్చినప్పుడల్లా దారం విల్లులా వంగి బిగిసేది. అప్పుడతను ఛాతీ లోతు నీళ్లలోకి దిగి వదులు ఇచ్చేవాడు. సింహాద్రి వెనకనుంచి అతని నడుం పట్టుకున్నాడు. ఒకసారి దారం దేనికో తట్టుకుని ఆగింది. మంగ అతనివైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె లాగకుండా ఆగింది. నీళ్లే దాన్ని విడిపించాయి.

పలుపు ఆమె చేతికి అందింది. తర్వాత మోకు. నడుముకు కట్టుకుని కళ్లు మూసుకుని బండ వదిలింది. అందరూ కలిసి లాగారు. మధ్యలో మునిగి కనపడకుండా పోయింది. జగ్గారావు మోకు వెంట నీళ్లలోకి దూకబోతే సింహాద్రి ఆపాడు. దిగువన ఒడ్డు దగ్గర తేలింది.

బురదలో వెల్లకిలా పడుకుని ఊపిరి పీల్చుకుంటూ ఆమె మొగుడి చెయ్యి వెతుక్కుంది. దారం కోసుకుని ఆమె అరచెయ్యి నెత్తురోడుతోంది. "వెనకే వస్తానన్నావు కదా" అంది. అతను ఏడ్చాడు.

సోమలింగం గారు అక్కడితో ఆపారు. అప్పలస్వామి కాస్త ముందుకు జరిగాడు.

"అంత సన్నదారమా గురువుగారూ! ఆవిడ కాస్త గట్టిగా లాగి ఉంటే తెగిపోయేది కదండీ?"

"తెగేదే నాయనా" అన్నారు ఆయన లేస్తూ. "ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఆవిడ మెల్లగా లాగింది, అతను మెల్లగా వదిలాడు."