మధ్య గీత

ఒకటో ఫోనులో మాట్లాడితే రెండో ఫోనులో వినపడుతోంది. నేను గీసిన కార్డుకి పట్టిన జబ్బు అది. చిన్న ఊళ్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మా బాలానగర్ కంపెనీ తయారుచేస్తున్న సర్క్యూట్ బోర్డు, మా మాటల్లో కార్డు. ఆ శనివారంతో నా ఆర్నెల్ల గడువు అయిపోతుంది. కార్డు పాసైతే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే మంగళగిరి వెళ్లి మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకోవడమే.

అప్పట్లో కంప్యూటరు మా దరిదాపుల్లో లేదు. కింద లైటు వెలిగే అద్దం బల్ల మీద ఫిల్ము పరిచి, దాని మీద సన్నటి నల్ల టేపు అతికించుకుంటూ పోవాలి. బోర్డు మీద రాగి గీతలకు అదే నమూనా. ఆ పని నాకు నేర్పింది రూతమ్మగారు. బాపట్లావిడ. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, చేతిలో బ్లేడు, చుట్టూ టేపు జిగురు వాసన. ఇప్పటికీ ఏ స్టేషనరీ కొట్లోనైనా ఆ వాసన తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి.

మాది నేత ఇల్లు. పోగుకీ పోగుకీ మధ్య సందు కనపడితే అది బట్ట కాదు, జల్లెడ అనేవాడు మా నాన్న. అందుకని గీతల్ని కూడా పడుగు పోగుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకునేలా పొడుగునా లాగాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. రూతమ్మగారు మాత్రం, "చీర బాగుందయ్యా భావనారాయణా. మాట్లాడుతుందా మరి?" అన్నారు.

మాట్లాడింది. పక్క గీతకి కూడా వినపడేలా మాట్లాడింది.

గీతల్ని వీలైనంత ఎడం చేశాను. తగ్గింది గానీ పోలేదు. కార్డులో ఇంక చోటు లేదు. అప్పుడు ఒక పుస్తకంలో చూసి, ఆ రెండు ఫోన్ల గీతల మధ్యా ఇంకో గీతను కాపలాగా నిలబెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. బోర్డు తయారై వచ్చింది. జబ్బు అలాగే ఉంది.

గురువారం పొద్దున్నే ఫిల్ము చుట్ట పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను.

"కాపలా పెట్టానమ్మా. అయినా మాట దాటుతోంది."

ఆవిడ ఫిల్ము వంక ఒక్కసారి చూశారు. బ్లేడు పదును చూసుకుంటూ, "ఆ సత్యం బోర్డులు కడుగుతాడో, మాడిన అట్లు గీకుతాడో," అని గొణుక్కున్నారు. తర్వాత, "పోయి ఆయన గదిలోంచి నా పాత బోర్డు పట్రా," అన్నారు.

సత్యంగారు రాగి రేకుల్ని మందులో ముంచి బోర్డులు చేసే గదికి పెద్ద. ఆయనకీ ఈవిడకీ నెల రోజులుగా మాటల్లేవు. నేను వెళ్లగానే, "ఏమంటోందోయ్ మీ అమ్మగారు?" అని అడిగారు. చెప్పేశాను. ఆయన మొహం కందగడ్డలా అయింది. "వంకర టేపులు అతికించేవాళ్లా నాకు చెప్పేది!" అన్నారు. బోర్డు తెచ్చిచ్చి అదీ చెప్పేశాను, ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

రూతమ్మగారు కళ్లద్దాలు తీశారు.

"నా మాట అక్కడ చెప్పమన్నానా?"

"లేదమ్మా."

"ఆయన మాట ఇక్కడ చెప్పమన్నాడా?"

"లేదమ్మా."

"మరి?"

నా చెవులు వేడెక్కాయి. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నా ఫిల్ము బల్ల మీద పరిచి, ఆ కాపలా గీత మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు నడిపించారు.

"ఇది ఎక్కడ ఆనిందయ్యా?"

చూశాను. ఎక్కడా ఆనలేదు. రెండు కొసలూ గాల్లోనే ఉన్నాయి. ఇటు పక్క నుంచి ఏది తగిలితే అది అటు పక్కకి అందిస్తోంది. దారి తప్పినదాన్ని నేలలోకి దింపేసే ఎర్తు గీత అంగుళం దూరంలోనే ఉంది. నేను కలపలేదు.

ఆవిడ రెండు చిన్న టేపు ముక్కలు కోసి, నా వేలి కొసకు అంటించి, టీకి వెళ్లిపోయారు.

రెండు కొసలూ ఎర్తుకి కలిపాను. సత్యంగారి దగ్గరికి వెళ్లి, నోరు జారినందుకు క్షమించమని బతిమాలుకున్నాను. సణుగుతూనే శుక్రవారం సాయంత్రానికి బోర్డు చేసిచ్చారు.

శనివారం పరీక్ష. అద్దాల గదిలో తలుపు వేసుకుని రూతమ్మగారు ఒకటో ఫోనులో మాట్లాడుతున్నారు. బయట నేను రెండో ఫోను చెవికి నొక్కి పట్టుకున్నాను. నా ఊపిరి తప్ప ఏమీ లేదు. కానీ అద్దంలోంచి ఆవిడ పెదాలు కనపడుతున్నాయి. 'సత్యం' అన్నారు. తర్వాత 'అట్లు' అన్నారు. ఆ మాట దగ్గర నవ్వారు కూడా.

ఆవిడ ఫోను పెట్టేసి తలుపు తీసుకుని వస్తుండగానే సత్యంగారు నా భుజం మీదికి వంగారు.

"ఏమందోయ్? నా గురించేనా?"

"నాకేమీ వినపడలేదండీ," అన్నాను.

రూతమ్మగారు ఆగకుండా, మా వంక చూడకుండా, తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. బ్లేడు చేతిలోకి తీసుకున్నాక అన్నారు.

"ఆనింది."