ముఖం చూపని మెరుపు

ఎర్రచెలమ అడవి పెద్దదేమీ కాదు. అందులో దుప్పులు, కొండగొర్రెలు, కుందేళ్ళు, ఏదుపందులు, ఉడుములు, కొండముచ్చులు కాపురముండేవి. పులి ఎప్పుడో వేరే అడవికి వలసపోయింది. రేచుకుక్కల మంద మాత్రం ఏటి అవతల గట్ల మీద తిరుగుతుండేది. అవి ఏ పూట ఏరు దాటి వస్తాయో ఎవరికీ తెలియదు. అందుకని ఎర్రచెలమ వాళ్ళు నోటితో మేస్తూనే చెవులతో కాపలా కాసుకునేవాళ్ళు.

కొన్నాళ్ళకు అడవి పక్క గుట్ట మీద సెల్ టవరు లేచింది. అడవిని చూడటానికి జీపుల్లో వచ్చేవాళ్ళ చేతుల్లోంచి కొండముచ్చులు ఫోన్లు లాక్కొచ్చేవి. బుట్టెడు రేగుపళ్ళు తెచ్చి ఇచ్చినవాళ్ళకు ఒక ఫోను ఇచ్చేవి. నీళ్ళ తొట్టి దగ్గర అటవీశాఖ వాళ్ళు పెట్టిన సోలారు పలకకు అందరూ వంతులవారీగా ఛార్జింగు పెట్టుకునేవాళ్ళు. అలా ఎర్రచెలమలోకి కోట ఆట వచ్చింది.

కోట ఆటలో జట్టుకు నలుగురు. ఎవరి ఫోను ముందు వాళ్ళు, ఎవరి చోట వాళ్ళు కూర్చుంటారు. ఇయర్‌ఫోన్లలో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ తెర మీద తమ కోటను కాచుకోవాలి, ఎదుటివాళ్ళ కోటను పట్టుకోవాలి. చుట్టుపక్కల అడవులన్నిటికీ జట్లున్నాయి. ఏటేటా వాటి మధ్య పెద్ద పోటీ జరుగుతుంది. కిందటేడు ఎర్రచెలమ ఫైనలు దాకా వెళ్ళి ఓడిపోయింది.

ఏదుపంది సూదమ్మ ఆడేది కాదు. ఎర్రచెలమ ఆటగాళ్ళ గ్రూపును ఆమె నడిపేది. ఏ పూట ప్రాక్టీసో చెప్పడం, అవతలి అడవి వాళ్ళతో మ్యాచి కుదర్చడం, ఆటలో పోట్లాడుకున్నవాళ్ళకు సర్దిచెప్పడం, ఎవరికైనా జ్వరమొస్తే వేరొకరిని కూర్చోబెట్టడం, అన్నీ ఆమె పనులే. ఆమెకు మాట తక్కువ. నలుగురిలో నోరు విప్పాలంటే గొంతు ఎండిపోయేది. కానీ రెండు కట్టుబాట్ల దగ్గర మాత్రం ఆమె మెత్తబడేది కాదు.

మొదటిది, ఆడేటప్పుడు ఒక చెవిలోనే ఇయర్‌ఫోను. రెండో చెవి అడవికి వదలాలి.

రెండోది అడుగు చూపు. ఫోనులో గొంతు వినిపిస్తుంది, పేరు కనిపిస్తుంది, అంతే. ఆ పేరు వెనక ఉన్నది గిట్టో గోరో తెలియదు. అందుకని గ్రూపులో చేరదలచినవాళ్ళు పట్టపగలు వాగు ఒడ్డుకు రావాలి. ఇద్దరు పాతవాళ్ళ ఎదుట తడి ఇసకలో అడుగు వెయ్యాలి. ఆ అడుగు చూశాకే సూదమ్మ పేరు ఎక్కించేది.

ఆమె బొరియలోనే కుందేలు లచ్చి పెరిగింది. లచ్చి కళ్ళు తెరిచిన కొత్తలోనే తల్లిని రేచుకుక్కలు ఎత్తుకుపోయాయి. అప్పటినుంచి లచ్చికి అమ్మయినా అత్తయినా సూదమ్మే. లచ్చి చెవులు ఎంత చురుకంటే, ఆటలో శత్రువు గోడ వెనక నడుస్తుంటే ఏ గోడో చెప్పేసేది. అందుకే జట్టులో చోటు దొరికింది. జట్టు నాయకుడు దుప్పి గంతుడు. అతనితోపాటు కొండగొర్రె బైరి, ముసలి ఉడుము దోగయ్య ఆడేవాళ్ళు.

ఆ ఏడు చలి ముదిరింది. పొద్దున పూట దోగయ్య ఒళ్ళు చల్లబడి వేళ్ళు కదిలేవి కావు. ఒక మ్యాచిలో ఆయన కోట వాకిలి దగ్గరే నిలబడిపోయాడు. జట్టు ఓడింది. గంతుడు అందరూ వినేలా అన్నాడు.

"తాతా, నిన్ను చూసి అవతలివాళ్ళు కోట ముందు బొమ్మ పెట్టారనుకున్నారు. ఇంక ఎండ కాచుకో పో."

దోగయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు సూదమ్మకు గుచ్చుకుంది.

మర్నాటికే గంతుడు కొత్త ఆటగాణ్ణి పట్టాడు. పేరు మెరుపు. ఎక్కడివాడో తెలియదు. ఆటలోనే పరిచయం. అతను ఆడుతుంటే ఎదుటి జట్టు చెల్లాచెదురయ్యేది. గొంతు కూడా తియ్యనిది. గంతుణ్ణి 'అన్నా' అనేవాడు, బైరి చిన్న దెబ్బ కొట్టినా మెచ్చుకునేవాడు, లచ్చిని 'చెల్లెమ్మా, నీ చెవులు లేకపోతే మనం లేము' అనేవాడు.

అడుగు చూపుకు రమ్మని సూదమ్మ కబురు పెట్టింది. తాను చాలా దూరంలో ఉంటాననీ, కాలు బెణికిందనీ, కప్పు గెలిచాక వచ్చి అత్తమ్మ కాళ్ళకు దణ్ణం పెడతాననీ మెరుపు జవాబు పంపాడు. సూదమ్మ పేరు ఎక్కించలేదు. అతని ఆటను రెండు పూటలు చూస్తూ కూర్చుంది. తరవాత గంతుణ్ణి చాటుకు పిలిచింది.

"ఇతను పారిపోగా ఎప్పుడైనా చూశావా నాయనా? మనం మేసేవాళ్ళం. ముందు తప్పించుకునే దారి చూసుకుని తరవాత ఆడతాం. ఇతను ఎదుటివాడికి ఒక పక్క కావాలని దారి వదులుతాడు. అటే తరుముతాడు. ఆ దారి చివర కాచుకుని ఉంటాడు. ఇది ఆటగాడి నడక కాదు, వేట మరిగినవాడి నడక."

గంతుడు ఆ మాటను చాటున ఉంచలేదు. సాయంత్రం గ్రూపులో అందరూ ఉండగా తీశాడు.

"సూదమ్మత్తకు ఆట రాదు గానీ ఆటగాళ్ళను తూకం వెయ్యడం వచ్చట. బాగా ఆడేవాడు కనబడితే చాలు, కుక్క అంటుంది. అత్తా, రేపు నేను గెలిస్తే నన్ను కూడా కుక్కంటావా?"

గ్రూపంతా నవ్వులు. సూదమ్మ ఏదో చెప్పబోయింది. ఆమె మాట వెతుక్కునే లోపు గంతుడు వేరే గ్రూపు పెట్టేశాడు. అందులో అడుగు చూపు లేదు. బాగా ఆడితే చాలు, ఎవరైనా రావచ్చు. ఒకరి వెనక ఒకరు అందరూ అటు వెళ్ళిపోయారు. పాత గ్రూపులో సూదమ్మ, దోగయ్య మిగిలారు.

లచ్చి కూడా వెళ్ళింది. వెళ్ళే ముందు బొరియలో తలవంచుకుని కూర్చుంది.

"కోపమా అత్తా?"

"కోపం కాదే. భయం."

"నన్ను అందరూ తల్లి లేని పిల్ల అంటారు. కప్పు గెలిస్తే ఎర్రచెలమ ఆటగత్తె అంటారు. ఈ ఒక్కసారికి నన్ను వెళ్ళనియ్యి."

సూదమ్మ వద్దనలేకపోయింది. ఒక చెవి అడవికి వదలమని మాత్రం చెప్పింది. లచ్చి సరేనంది.

మెరుపుతో జట్టు వరసగా గెలిచింది. అతను ఆటే కాదు, జట్టు మంచిచెడ్డలూ చూసేవాడు. ఎవరు ఎక్కడ కూర్చుని ఆడుతున్నారో, ఎవరికి సిగ్నలు తెగిపోతోందో, ఆ దగ్గర్లో ఎవరైనా తిరుగుతుంటారో అడిగి తెలుసుకునేవాడు. ఇంత శ్రద్ధ సూదమ్మత్త కూడా చూపించలేదని గంతుడు మురిసిపోయాడు. ఒక చెవితో ఆడితే సగం ఆటే ఆడినట్టని మెరుపు అన్నాడు. అందరూ రెండు చెవుల్లోనూ పెట్టుకోవడం మొదలుపెట్టారు. లచ్చి కొంచెం వెనకాడింది. బైరి నవ్వేసరికి తనూ పెట్టుకుంది.

ఫైనలు దగ్గరపడింది. విడివిడిగా కూర్చుంటే సిగ్నలు తెగి మాటలు ఆలస్యమవుతాయని, టవరు కింద ఉన్న గుహలో అందరూ ఒకచోట కూర్చుంటే మంచిదని మెరుపు సలహా ఇచ్చాడు. వాకిట్లోంచి ఎండ కళ్ళలో పడుతుంది కాబట్టి వాకిలికి వీపు పెట్టి గోడవైపు కూర్చోమన్నాడు. తాను మాత్రం ఉన్నచోటి నుంచే ఆడతానన్నాడు. గంతుడికి ఇందులో తప్పేమీ కనబడలేదు. జట్టు కోసం ఇంత ఆలోచించేవాడు దొరకడం ఎర్రచెలమ అదృష్టమనుకున్నాడు.

ఫైనలు నాడు మిట్టమధ్యాహ్నం దోగయ్య గుట్ట మీద బండను కరుచుకుని ఎండ కాచుకుంటున్నాడు. అక్కడినుంచి ఏరు కనబడుతుంది. రేచుకుక్కలు ఏరు దాటుతున్నాయి. పరుగెత్తడం లేదు. తీరిగ్గా, వరసలో నడుస్తున్నాయి. ముందు నడుస్తున్నదాని నోట్లో ఫోనుంది.

దోగయ్య బండ మీంచి జారి, దొర్లి, సూదమ్మ బొరియ దగ్గరకు వచ్చి పడ్డాడు. ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా చెప్పాడు. సూదమ్మ మారు మాట్లాడకుండా కదిలింది. పగటి ఎండలో ఏదుపందికి కళ్ళు సరిగా కనబడవు. ముళ్ళకంపలు గీసుకున్నా, రాళ్ళకు తట్టుకున్నా ఆగలేదు. గుహ వెనక బండల మధ్య ఒక సందు ఉంది. అందులోంచి దూరి లోపలికి చేరింది.

లోపల ముగ్గురూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. తెర వెలుగు మొహాల మీద పడుతోంది. సూదమ్మ అరిచింది. తన బతుకులో అంత పెద్దగా ఎప్పుడూ అరవలేదు. ఎవరికీ వినబడలేదు. గంతుడి డొక్కలో ముక్కుతో పొడిచింది. అతను తెర మీంచి చూపు తిప్పకుండానే వెనక కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఆమె వెళ్ళి లచ్చి పక్కన పడింది. పడ్డచోటి నుంచే లచ్చి చెవిలోని ఇయర్‌ఫోను లాగేసింది.

లచ్చి విసుగ్గా తిరిగింది. "ఇప్పుడు కాదత్తా. గెలుస్తున్నాం. మెరుపు వాళ్ళ కోట దాకా వెళ్ళిపోయాడు."

"మెరుపు ఎక్కడున్నాడో చూడు."

లచ్చి తెర చూసింది. మెరుపు కోట ముందు ఆగిపోయి ఉన్నాడు. వేలాడుతున్న ఇయర్‌ఫోనులోంచి అతని తియ్యని గొంతు సన్నగా వినిపించింది.

"కదలకండి. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి."

అదే మాట, అదే గొంతుతో, గుహ వాకిట్లోంచి కూడా వినిపించింది.

సూదమ్మ లచ్చిని తలతో తోసుకుంటూ వెనక సందులోకి నెట్టింది. తాను సందుకు అడ్డంపడి, వీపు గుహవైపు తిప్పి, ముళ్ళు నిక్కబొడుచుకుంది. వాకిట్లో ఒక ఈల, దానికి జవాబుగా ఇంకో ఈల వినిపించాయి. రేచుకుక్కలు అలాగే పిలుచుకుంటాయి. లచ్చి కళ్ళు తెరిచిన కొత్తలో విన్న ఈల అది.

బైరి తల తిప్పనేలేదు. ఆమెకు ఏం జరిగిందో తెలియకముందే అయిపోయింది. గంతుడు లేచాడు. కొమ్ములు దించి ఒక కుక్కను గోడకేసి కొట్టాడు. వాకిలికి ఎడమ పక్క ఎవరూ లేరు. అటు దూకాడు. తెర మీద మెరుపు ఎంతమందిని అలాంటి దారిలోకి తరమడం చూసి చప్పట్లు కొట్టాడో, ఆ దారి తన ముందుకొచ్చినప్పుడు గుర్తుపట్టలేదు. దాని చివర మిగతా మంద కాచుకుని ఉంది.

రెండు కుక్కలు సందు దగ్గరకు వచ్చాయి. ఒకదాని మూతిలో ముళ్ళు దిగాయి. కుయ్యోమంటూ వెనక్కి పోయింది. రెండోది కాసేపు చూసి, బయట ఉన్న మాంసం దగ్గరకు వెళ్ళిపోయింది.

సందులో చీకటి. గుహలో పడి ఉన్న ఫోన్లు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయి. అవతలి అడవి ఆటగాళ్ళు తమలో తాము అనుకుంటున్నారు. "ఎర్రచెలమ వాళ్ళు కదలడం లేదేంట్రా? నిద్రపోయారా?" "భయపడ్డార్రా. పోయి కోట పట్టు." వాళ్ళు వచ్చి కోట పట్టుకున్నారు. తెర మీద బాణాసంచా పేలింది. ఆ వెలుగు గుహ గోడ మీద ఎర్రగా, పచ్చగా ఆడింది.

మర్నాడు బైరి తల్లి మేత ముట్టకుండా గుహ ముందు నిలబడింది. ఎవరు పిలిచినా రాలేదు. కొత్త గ్రూపు దానంతటదే ఖాళీ అయింది. నవ్వినవాళ్ళందరూ సూదమ్మ దగ్గరకు వచ్చి తలలు దించుకున్నారు. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. గంతుడు తన్నినచోట పక్కటెముక విరిగింది. పడుకుంటే నొప్పి, లేస్తే నొప్పి.

లచ్చి చాలా రోజులు ఫోను ముట్టుకోలేదు. ఒకనాడు దోగయ్య తన ఫోను ఆమె ముందు పెట్టాడు. పొరుగున ఉన్న ఇప్పవనం అడవి ఆటగాళ్ళ గ్రూపులో ఆయనా ఉన్నాడు. అందులో కొత్త పేరు ఒకటి కనబడింది. పిడుగు. "బాగా ఆడతాను అన్నలూ. మీ జట్టులో చోటుందా?" అని గొంతు పంపాడు. తియ్యని గొంతు. అప్పటికే రమ్మని పిలిచేవాళ్ళు వరసకట్టారు.

లచ్చి ఆ గొంతును ఒకసారి విని ఊరుకోలేదు. మళ్ళీ విన్నది. తరవాత ఆ గ్రూపువాళ్ళందరూ వినేలా మాట్లాడింది. గుహ గురించి చెప్పింది. గంతుడి గురించి, బైరి గురించి చెప్పింది. ఎక్కడా ఏడవలేదు.

కొందరు నమ్మలేదు. ఫైనలులో పారిపోయినవాళ్ళు కథలు బాగానే అల్లుతారని ఒక పందిపిల్ల ఎకసెక్కమాడింది. అప్పుడు ఇప్పవనం నుంచి ఒక ముసలి దుప్పి అడిగింది.

"పిడుగూ, నిన్ను కళ్ళతో చూసినవాళ్ళు ఎవరున్నారు నాయనా?"

అందరూ జవాబు కోసం చూశారు. జవాబు రాలేదు. కాసేపటికి ఆ పేరు గ్రూపులోంచి మాయమైంది.

నీతి: ఆట బాగా ఆడినంత మాత్రాన, మాట తియ్యగా ఉన్నంత మాత్రాన ఎవరూ మనవాళ్ళు కారు. వాళ్ళెవరో కళ్ళారా చూడకుండా గుంపులో చేర్చుకోకూడదు. మన మేలు కోరి అడ్డు చెప్పేవాళ్ళను నవ్వి వెళ్ళగొడితే, ఆపద వచ్చిననాడు కేక వేసేవాళ్ళుండరు. ఉన్నా ఆ కేక మనకు వినబడదు.