ఆంటీ జ్ఞాపకం

గుంతకల్లులో చెన్నకేశవులు అని రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఉండేవాడు, మనిషి బంగారమే గానీ ఎదుటివాళ్ళని ఒక్క మాట పూర్తి చెయ్యనిచ్చేవాడు కాదు. ఎవరైనా "మా ఊళ్ళో..." అనడం ఆలస్యం, "మా గుంతకల్లులో అయితేనా!" అని అందుకునేవాడు. ఇక ఆ బండికి ఎర్రజెండా చూపించే మొనగాడు లేడు.

ఒకసారి ఆయన భార్య సుభాషిణి పట్టుబట్టి ఆయన్ని హైదరాబాదు తీసుకెళ్ళింది. పాతబస్తీలో నవాబుల కాలం నాటి లోగిలి ఒకటుంది. డంగుసున్నం గోడలు, రంగుటద్దాల కిటికీలు, ముంగిట్లో నీళ్ళ హౌజు. ఒకప్పుడు అందులో ఆడపిల్లల బడి నడిచింది. ఇప్పుడు ఇంటివాళ్ళే ముచ్చటగా బాగుచేయించి చిన్న హోటలు పెట్టారు. సుభాషిణి చదువుకుంది ఆ బళ్ళోనే! అక్కడ నిలబడి తన చిన్నతనం భర్తకు చెప్పుకోవాలని ఆవిడకు ఎన్నాళ్ళనుంచో కోరిక. ఆయనకు ఆ సంగతే తెలియదు. చెప్పనిస్తే కదా!

ఇద్దరూ అక్కడే దిగారు. వస్తూనే ఆవిడ హౌజులో చెయ్యి ముంచింది. "ఏమండీ, ఇక్కడ నేను..."

"ఇవీ ఒక నీళ్ళేనా! రైలింజన్లు ఆగే మా లోకో షెడ్డు ట్యాంకు చూడాలి నువ్వు."

మేడ మీద తమ గదిలోకి వెళ్ళాక కిటికీ దగ్గర నిలబడింది. "ఏమండీ, ఈ కిటికీ పక్కనే..."

"కిటికీ అంటే గుర్తొచ్చింది. మా గార్డు పెట్టె కిటికీలోంచి గాలి వచ్చేది చూడూ..."

ఆవిడ కిటికీ వదిలి పెట్టె సర్దుకుంది.

సాయంత్రం అందరూ ముంగిట్లో చాయ్‌కి చేరారు. హోటలు చూసుకునే తస్నీమ్ ఆ ఇంటి పిల్లే. ఉస్మానియా బిస్కెట్ల పళ్ళెం పెడుతూ అంది, "మా దాదీ, అదే మా నానమ్మ, పెట్టిన పద్ధతి అంకుల్. ఇక్కడ దిగినవాళ్ళు ఒక జ్ఞాపకం చెప్పాలి. తమది కాదు, తోడు వచ్చినవాళ్ళది."

నిజామాబాదు నుంచి వచ్చిన కొత్త పెళ్ళికొడుకు, తన భార్యను చిన్నప్పుడు బాతు తరిమిన కథ చెప్పాడు. ఆ పిల్ల సిగ్గుతో అతని వీపు మీద ఒక్కటిచ్చింది.

తర్వాత సుభాషిణి లేచింది. డోన్ స్టేషన్లో ఈయన పచ్చజెండా ఊపి, మిరపకాయ బజ్జీల పొట్లం అందుకునేలోగా బండి కదిలిపోయిన కథ చెప్పింది. ఒక చేత్తో జెండా, ఇంకో చేత్తో బజ్జీలు పట్టుకుని ఈయన పరిగెత్తిన తీరు చేసి మరీ చూపించింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఇప్పుడు ఆంటీది చెప్పండి అంకుల్!" అంది తస్నీమ్.

"ఓ, దానికేం!" అని గొంతు సవరించుకున్నాడు చెన్నకేశవులు. "మా సుభాషిణి చిన్నప్పుడు... చిన్నప్పుడు..." బిస్కెట్టు ఒకటి అందుకున్నాడు. "సాంబారు బ్రహ్మాండంగా పెడుతుంది."

"అది జ్ఞాపకమెట్లయితది అంకుల్!" అంది పెళ్ళికూతురు.

"సరే, మా గుంతకల్లులో ఒకసారి..."

"అది మీది!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వడం లేదు. "పోనీండి, చాయ్ చల్లారిపోతోంది," అంది మెల్లగా. ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈవిడ నా కథలన్నీ దాచుకుంది, నా దగ్గర ఈవిడది ఒక్కటీ లేదే అనుకున్నాడు.

చాయ్ కాగానే ఆవిడ వెనకాలే మేడ మీదకు వెళ్ళాడు. "వచ్చినప్పట్నుంచీ ఏదో చెప్పబోతున్నావు. చెప్పు. నేను నోరు తెరిస్తే ఒట్టు."

ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని మొదలుపెట్టింది. "ఇది మా ఏడో తరగతి గదండీ. నా చోటు ఇదే. ఒకరోజు కుండపోతగా వాన పడింది. హౌజు పొంగి ముంగిలంతా నీళ్ళు. కరుణమ్మ టీచరు పాఠం ఆపేసి, ముందు తనే ఒక కాగితప్పడవ చేసింది..."

మా లోకో షెడ్డులో వాన, అని ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. పెదాలు బిగించాడు.

"ఆ నీళ్ళలో నా పడవ, నా నేస్తం జరీనా పడవ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎంత ఊదినా విడిపోలేదు." ఆవిడ కింద హౌజు వైపు చూస్తూ ఆగిపోయింది.

చెన్నకేశవులు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ తర్వాత?" అన్నాడు.

పెళ్ళయిన నాటినుంచీ ఆయన నోట ఆ మాట వినడం ఆవిడకు అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుని, చిన్నపిల్లలా మఠం వేసుకుని కూర్చుని, మిగతాదంతా చెప్పింది.

మనవాళ్ళంటే మనకు ఎంత ప్రేమ ఉన్నా చాలదు, వాళ్ళు చెప్పుకునేది అడ్డు రాకుండా చివరిదాకా వినాలి.