దారిలో ఉన్నానండి

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం పైడిరాజు గారికి అలవాటు లేదు. నూనె మిల్లులో ముప్పై ఏళ్ళు సరుకు పంపే విభాగం నడిపి, రిటైరై గాజువాకలో ఉంటున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆయన్ని గురువుగారనే పిలుస్తారు. వాళ్ళలో జగ్గారావు ఒకడు. ఒక శుక్రవారం సాయంత్రం చేతిలో మిఠాయి పొట్లం, ముఖంలో చావు కబురు పెట్టుకుని వచ్చాడు.

మిల్లువాళ్ళు సరుకు విభాగాన్ని ఎత్తేస్తున్నారు. ఆస్పత్రులు కట్టే కంపెనీ ఒకటి అతన్ని ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌గా రమ్మంటోంది. సోమవారంలోగా మాట చెప్పాలి.

“సరుకు చెప్పినట్టు వింటుంది గురువుగారూ. బస్తాని కూర్చోమంటే కూర్చుంటుంది. అక్కడ నడిపించాల్సింది మనుషులనట. మా ఇంట్లో ఉన్న ముగ్గురే నా మాట వినరు. ఇరవై రెండేళ్ళు నేర్చుకున్నదంతా గంగలో కలిసినట్టేనా?”

పైడిరాజు గారు మిఠాయి ముక్క నోట్లో వేసుకున్నారు. “ఆదివారం మా మేడ మీద శ్లాబు పోస్తున్నాం. నువ్వు చూసుకో,” అన్నారు.

నేనడిగిందేమిటి, ఈయన చెప్పిందేమిటి అనుకున్నాడు గానీ, శ్లాబు అనగానే జగ్గారావుకి ప్రాణం లేచొచ్చింది. సిమెంటూ ఇసుకా తెప్పించే పనిలో శనివారమంతా ఫోను చెవికి అతుక్కుపోయింది. మిల్లులో గురువుగారి పాత గది కళ్ళ ముందుకొచ్చింది. సుద్దరాతల నల్లబల్ల, బీటలు వారిన ల్యాండ్‌ఫోను, గాజు గ్లాసుల్లో మరిచిపోయిన టీ. చేరిన మొదటి వారంలోనే ఒక డ్రైవరు ఫోనుచేసి “దారిలో ఉన్నానండి” అంటే, జగ్గారావు నమ్మి ‘వచ్చేస్తోంది’ అని బల్ల మీద అందంగా రాశాడు. లారీ మూడోరోజుకి వచ్చింది. ఆ తర్వాత ఇంకో డ్రైవరు అదే మాట అన్నప్పుడు గురువుగారు ఫోను తీసుకుని కళ్ళు మూసుకున్నారు. “ఉల్లిపాయలు వేగుతున్నాయి. వీడింకా హోటల్లోనే ఉన్నాడు,” అని, ఫోనులో మాత్రం “తినేసి బయల్దేరు నాయనా,” అన్నారు. మాట కాదు, మాట వెనకాల వినబడేది వినాలని జగ్గారావుకి ఆ రోజు తెలిసింది. తర్వాత జీపీఎస్ వచ్చి లారీలన్నీ కంప్యూటరు తెర మీద చుక్కలైపోయాయి. వినే పని ఎవరికీ లేకుండా పోయింది.

ఆదివారం ఆరింటికల్లా సిమెంటు, ఇసుక, కంకర, మిక్సరు వరసగా నిలబడ్డాయి. జగ్గారావుకి మీసం లేదు గానీ, ఉంటే మెలేసేవాడే.

మేడ మీద కట్టిన ఇనుముని ఒకసారి చూసి, సింహాద్రి మేస్త్రి కిందికొచ్చి బీడీ వెలిగించుకున్నాడు.

“మొదలెట్టండి మేస్త్రీ,” అన్నాడు జగ్గారావు.

“ఏటి మొదలెట్టేది బాబూ? ఇనుములో కరెంటు పైపులు పెట్టకుండా శ్లాబు పోసేస్తే, రేపు ఫ్యాను మీ నెత్తికి కట్టుకోవాల.”

“పైపులు నిన్ననే దింపించాను కదా. నలభై ఉన్నాయి, నేనే చూసుకున్నాను.”

“ఉన్నాయి బాబూ. వాటంతటవి మెట్లెక్కి పడుకోవు కదా.”

కరెంటు పనిచేసే నూకరాజుకి ఇంటాయన చెప్తారని మేస్త్రి అనుకున్నాడు. మేస్త్రి కబురుపెడతాడని నూకరాజు అనుకున్నాడు. జగ్గారావు అయితే అసలేమీ అనుకోలేదు. నూకరాజు లారీలో వచ్చే సరుకు కాదు మరి. పన్నెండు మంది కూలీలు తట్టలు బోర్లించుకుని కూర్చున్నారు. సముద్రం వైపు మబ్బు నల్లబడుతోంది. జగ్గారావు గురువుగారి వైపు చూశాడు. ఆయన చదువుతున్న పేపరులో పేజీ తిప్పారు.

ఫోను చేస్తే నూకరాజు వెంటనే బయల్దేరతానన్నాడు. అరగంట గడిచింది. మళ్ళీ చేశాడు.

“దారిలో ఉన్నానండి.”

జగ్గారావు కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. “ఎన్నో విజిలు?” అన్నాడు.

“రెండోదండి. ఇంటిది పుట్టింటికెళ్ళింది. ఇవాళ పనుందని నాకెవరూ చెప్పలేదండి.”

“తప్పు నాదే. చొక్కా వేసుకుని ఉండు, నేనే వస్తున్నా.”

స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. గంటన్నరలో పైపులు ఇనుములో ఒదిగాయి. మిక్సరు తిరిగింది. చివరి తట్ట పోసి టార్పాలిను కప్పాక గానీ చినుకు పడలేదు.

ఒళ్ళంతా సిమెంటుతో జగ్గారావు గురువుగారి ముందు నిలబడ్డాడు. “చూశారుగా. పైపుల్ని పిలిచాను, మనిషిని పిలవడం మరిచిపోయాను. ఆ ఉద్యోగానికి రానని రేపు చెప్పేస్తాను.”

“ఆ నూకరాజు వండుకున్నది వదిలేసి వచ్చినట్టున్నాడు. భోజనం ఇక్కడే చెయ్యమను,” అన్నారు పైడిరాజు గారు.

“ఇందాకే చెప్పానండి. మేస్త్రికీ, మిగతావాళ్ళకీ కూడా. అమ్మగారు రెండోసారి ఎసరు పెట్టారు.”

పైడిరాజు గారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

“మరింక నన్నేం అడుగుతావయ్యా,” అన్నారు.